పులిసిన నీళ్లలోంచి మంట

హోహోయ్ పట్నం దగ్గర మా ఊళ్లో ఎసినామ్ చేసిన గరి రవ్వకు ఎదురు లేదు. కర్రపెండలం తురిమి, గోనెసంచుల్లో కట్టి, బరువు పెట్టి నీళ్లన్నీ పిండేసి, పెద్ద పెనం మీద పొడిపొడిగా వేయించేది. ఇరవై ఆరేళ్లుగా అదే పని. కట్టెల పొగకు ఆమె కళ్లు ఎప్పుడూ ఎర్రగా, ఏడ్చి లేచినట్టుండేవి. పిండిన పుల్లటి నీళ్లు కాలువకట్టి వాగులో కలిసేవి. అవి ఎక్కడికి పోతున్నాయో ఆమె ఆలోచించలేదు. ఆ గరి తిన్న మేమూ ఆలోచించలేదు.

వాగు దిగువన, ఆ నీళ్లే మళ్లించుకుని, కోజోవి చేపల చెరువు తవ్వుకున్నాడు. ఇంకో పది రోజుల్లో వల వేస్తాడనగా, ఒక ఉదయం చేపలన్నీ వెల్లకిలా తేలాయి. బుట్టెడు చచ్చిన చేపలు తెచ్చి ఎసినామ్ గుమ్మంలో కుమ్మరించాడు.

"తిను అక్కా! నీ విషంలో నానినవే. ఉప్పు కూడా అక్కర్లేదు!"

"నా నీళ్లేనని నీకెవరు చెప్పార్రా?" అని ఎదురు అరిచింది ఎసినామ్. కానీ ఆ పులిసిన వాసన ఆమెకు తెలియనిదా! ఆ రోజు పొయ్యి వెలిగించలేదు.

ఆమె అక్క కూతురు డెలాలి వ్యవసాయ శిక్షణ కేంద్రంలో పనిచేస్తోంది. ఆ నీళ్లనూ తొక్కలనూ గాలి తగలకుండా మగ్గబెడితే గ్యాసు వస్తుందని చెప్పి, పెరట్లో సిమెంటు గుంత కట్టించింది. అప్పట్నుంచి చుక్క నీరు వాగులోకి పోలేదు. కానీ నెల దాటినా గ్యాసు గొట్టం దగ్గర అగ్గిపుల్ల ఆరిపోతూనే ఉంది.

"మరీ పులిసిపోయింది పిన్నీ. బూడిద కలుపుదాం. పెంట కూడా బాగా పడాలి. ఊళ్లో పందులెవరికి ఎక్కువ?"

ఎసినామ్ తల పట్టుకుంది. పందుల మందంతా కోజోవిదే.

రెండు రోజులు తటపటాయించి, ఒక చిన్న బకెట్టు పట్టుకుని తానే అతని ఇంటికి వెళ్లింది.

"నీ చేపల్ని చంపింది నేనే తమ్ముడూ. ఆ రోజే తెలుసు, ఒప్పుకోలేకపోయాను. ఇప్పుడు గుంత కట్టించాను. అది పనిచెయ్యాలంటే నీ పందుల పెంట కావాలి."

కోజోవి ఆమె చేతిలో బకెట్టు వైపు చూశాడు.

"చేపలు మింగావు. ఇప్పుడు పెంట కూడానా?"

లోపల అతని పెళ్లాం పకపకా నవ్వింది. అతనికీ నవ్వాగలేదు.

"ఆ బకెట్టేంటి, పక్కింటికి ఉప్పుకొచ్చినట్టు? తోపుడుబండి తెచ్చుకోపో!"

పదకొండు బళ్లు తోలారు. మూడు వారాలకు డెలాలి పుల్ల గీస్తే గుప్పున అంటుకుని, నీలంగా, నిలకడగా మండింది.

"పొగేదే?" అంది ఎసినామ్.

"ఉండదు పిన్నీ."

ఎసినామ్ పెనం ముందు కూలబడి గుండెనిండా ఊపిరి పీల్చుకుంది. ఒక పెనానికే గ్యాసు సరిపోతోంది. రెండోదానికి ఇంకా కట్టెలు కావాల్సిందే. అయినా కళ్లలో ఎరుపు తగ్గింది.

వానలకు వాగు కడిగేసినట్టయింది. కోజోవి మళ్లీ చేపపిల్లల్ని వదిలి, రోజూ పొద్దున్నే భయంభయంగా గట్టెక్కి చూసేవాడు. ఒక్కటీ తేలలేదు. నెల గడిచాక తన ఇంటి ముందు నుంచి వెళ్తున్న డెలాలిని ఆపి అడిగాడు.

"మా ఇంటికీ అలాంటి గుంత ఎంత లోతు తవ్వాలి?"

"ముందు ఆ పందుల దొడ్డి కడుగు, తర్వాత తవ్వుదువుగాని!" అని లోపల్నుంచి కేకేసింది అతని పెళ్లాం.