ఎస్తేరమ్మ టీచరు రాలేకపోయిన అంగడి

మా లెక్కల టీచరు ఎస్తేరమ్మ గారు గత ఆదివారం మదనపల్లెలో ప్రభువునందు నిద్రించారన్న వార్త విని నిశ్చేష్టుడనయ్యాను. పుంగనూరులో బట్టల అంగడి నడుపుకుంటున్న నేను ఆ విదుషీమణి దగ్గర లెక్కలు నేర్చుకున్నవాణ్ణి.

ప్రమాదంలో కాళ్లు చచ్చుబడి చక్రాల కుర్చీ శరణ్యమయ్యాక కూడా ఆమె ఇంట్లో కూర్చోలేదు. టేపు పట్టుకొని పాత అంగళ్ల మెట్లు కొలిచేవారు. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల వాలు కావాలని యజమానులకు కాగితం మీద గీసి చూపేవారు. పాత శిష్యులు గనుక వాళ్లు లేచి నిలబడి వినేవారు, అంతే.

మదనపల్లెలో ఒక మందుల షాపాయన దయతలచి మెట్ల మీద చెక్క వేయించాడు. "మేకలెక్కేదానికి బాగుండాది గానీ, నా బండికి గాదప్పా" అన్నారామె. అందరం నవ్వాం.

కుప్పంలో ఎవరో సిమెంటు వాలు కట్టించారని తెలిసి, ఆటోలో కుర్చీ వేసుకొని అంత దూరమూ వెళ్లారు. వాలు మీద యజమాని మోటారు సైకిలే నిలబెట్టి ఉంది. అది తీసేదాకా ఎండలో కాచుకొని, లోపలికి వెళ్లి, ఒక సబ్బు ఏరి కొన్నారు. ఆ సబ్బు గురించి నెల రోజులు చెప్పారు.

నా అంగడికి తాతగారి నాటి మూడు రాతి మెట్లు, శుక్రవారం పసుపు రాసే గడప. పగలగొట్టడానికి అమ్మ ఒప్పుకోలేదు. టీచరు అలగలేదు. పక్క సందులో మా గోడౌను తలుపు నేలకు సమానంగా ఉందని, అటునుంచి అంగడిలోకి రావచ్చని ఆమే కనిపెట్టారు.

"మెట్లు ముట్టొద్దులేప్పా. ఆడుండే మూటలు పక్కకు జరిపితే సాలు, నేనే వస్తా."

"ఈ పెండ్లిండ్ల సీజను పోనీ మేడమ్, జరిపిస్తా."

ప్రతి సీజనుకూ ఇదే మాట చెప్పాను. చీరలు నేనే రోడ్డు మీదికి తెచ్చి చూపేవాణ్ణి. అది పెద్ద మర్యాద అనుకున్నాను కూడా.

"నువ్వు తెచ్చేవి నువ్వు ఏరినవప్పా. నేను సూసి ఏరుకోవద్దా?" అనేవారు. రాయడానికి సిగ్గుగా ఉంది.

సోమవారం ఆమె చెల్లెలు మెట్లెక్కి వచ్చారు, టీచరుకు చివరిసారి కట్టే కొత్త చీర కోసం. "అక్కకు ఏ రంగంటే ఇష్టమో నీకే తెలిసుంటాదప్పా. ఇన్నేండ్లు నీ తావే గదా కొనింది" అన్నారు.

అరలన్నీ వెతికాను. నాకు తెలియలేదు.

మూటలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. జరిపిస్తానని ఇక్కడ రాయబోయి ఆగాను. నా మాటకు ఇక విలువ లేదు. అంత సహనశీలి, అంత స్వాభిమానవతి మా ఊళ్లకు మళ్లీ దొరకరు. ఆ గురుమూర్తి పాదాలకు నా కన్నీటి ప్రణామాలు. ఆమె కట్టుకొని వెళ్లిపోయిన చీర కూడా నేను ఏరిందే.