పేరు పెట్టి పిలవలేని స్టాపర్

కలకత్తా లీగ్‌లో చాలా ఏళ్ళు స్టాపర్‌గా ఆడాను. గోల్‌కీపర్‌కి ముందు, డిఫెన్స్ మధ్యలో నిలబడేవాణ్ణి అక్కడ స్టాపర్ అంటారు. మోకాలు దెబ్బతిన్నాక ఆట ఆగిపోయింది. నా భార్యకి కెనడాలోని హాలిఫాక్స్‌లో నర్సు ఉద్యోగం రావడంతో ఇక్కడికి వచ్చాం. కొన్నాళ్ళకి ఇక్కడి ఒక యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్లకి ఆటగాళ్ళను వెతికిపెట్టే స్కౌట్ పని దొరికింది. దొరికింది అనడం కంటే ప్రభువు ఇచ్చాడు అనడమే నిజం. మోకాలు తీసుకున్నవాడు కళ్ళు నాకే వదిలేశాడు.

ఆ పనికి కావలసిన మొదటి పాఠం సండే స్కూల్లోనే విన్నాను. రాజును ఎంచుకోవడానికి వెళ్ళిన ప్రవక్త కూడా మొదట ఎత్తూ రూపమూ చూసి పొరబడబోయాడు. అందుకే నేను ఎత్తు చూడను. బంతి తన దగ్గరికి రాకముందే మెడ తిప్పి, వెనక ఎవరున్నారో చూసుకునే మనిషి కోసం చూస్తాను.

ఆ ఏళ్ళలో ఇక్కడికి మన తెలుగు స్టూడెంట్లు వెల్లువలా వచ్చారు. ఒక ఇంగ్లీషు చర్చి బేస్‌మెంట్‌లో మధ్యాహ్నాలు జరిగే మా తెలుగు ఆరాధనకి కుర్చీలు చాలక మెట్ల మీద కూడా కూర్చునేవారు. ఆరాధన అయ్యాక టీ తాగి, పక్క స్కూల్ గ్రౌండ్‌లో బంతాట మొదలుపెట్టేవారు. ఆ అమ్మాయిని అక్కడే చూశాను. అనంతపురం నుంచి వచ్చింది. మా యూనివర్సిటీలోనే చదువుతూ కాఫీ షాపులో పార్ట్‌టైమ్ చేస్తోంది. జీన్స్ ప్యాంటుతో మగపిల్లల మధ్య ఆడుతోంది. ఆ మెడ ఒక్క క్షణం కుదురుగా లేదు.

"ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అని అడిగాను.

"జిల్లా టీముకి ఆడినా అంకుల్. ఈడికొచ్చినాక బంతి ముట్టుకునేది ఇప్పుడే."

"మా యూనివర్సిటీ అమ్మాయిల జట్టుకి సెలెక్షన్స్ ఉన్నాయి, వస్తావా?"

"నన్ను తీసుకుంటారా?"

"తీసుకునేది కోచ్. చూపించేది నేను."

జట్టులో ఖాళీగా ఉన్నది ఒక్క స్టాపర్ స్థానమే. శనివారం ప్రాక్టీస్ మ్యాచ్ చూసి, దానికి పోటీపడుతున్న ఇద్దరమ్మాయిల్లో ఒకరిని ఖాయం చేస్తానని కోచ్ చెప్పాడు. ఆమె షిఫ్ట్ మార్చుకుని, స్నేహితురాలి స్టడ్స్ బూట్లు అడిగి తెచ్చుకుని వచ్చింది. సముద్రం మీది పొగమంచు ఇంకా గ్రౌండ్‌ని వదల్లేదు.

మొదట్లో బాగా ఆడింది. ఎదుటివాళ్ళ కాళ్ళ దగ్గర్నుంచి బంతిని శుభ్రంగా తీసుకుంది. తర్వాత డిఫెన్స్‌లో ఎడమవైపు, లెఫ్ట్ బ్యాక్‌గా ఆడుతున్న కెప్టెన్ ముందుకెళ్ళి అక్కడే ఉండిపోయింది. ఆమె వెనక ఖాళీలోకి ఎదుటి జట్టు అమ్మాయి ఒకతె జారుకుంది. అది అందరికంటే ముందు మా అనంతపురం అమ్మాయే చూసింది. మెడ తిరగడం నేను చూశాను. కానీ అరవలేదు. తన చోటు వదిలి కెప్టెన్ దగ్గరికి పరుగెత్తుకెళ్ళి, చెవి దగ్గర మర్యాదగా ఏదో చెప్పింది. ఆమె వదిలిన చోటులోంచే గోల్ పడింది.

"కాళ్ళు బాగున్నాయి, నోరే లేదు" అన్నాడు కోచ్ నాతో. "నోరు లేని డిఫెండర్ నాకెందుకు?"

"సెకండ్ హాఫ్ కూడా చూడండి."

"నీ మాట మీద చూస్తాను. మారకపోతే రెండో అమ్మాయిని తీసుకుంటాను."

హాఫ్ టైమ్‌లో నీళ్ళ బాటిల్ తీసుకెళ్ళాను. ఆమె ముఖం వాడిపోయి ఉంది.

"కెప్టెన్‌ని పిలవలేదేం?"

"ఎట్ల పిలిచేది అంకుల్? పెద్దామె. మాస్టర్స్ చదువుతాంది. మా ఇంట్లో అక్కని పేరు పెట్టి పిలిస్తే మా నాయన వీపు పగలగొడతాడు."

తిడదామనుకున్నాను. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ప్రార్థనలో ప్రభువుని ఏమంటావు? మీరంటావా, నీవంటావా?"

"నీవనే అంటా."

"మరి పాస్టర్ గారిని?"

"మీరు అనే కదా."

"అంటే ప్రభువు పాస్టర్ గారికంటే చిన్నవాడా?"

ఆమెకి నవ్వొచ్చింది. "అట్ల కాదంకుల్. ఆయన మనకి దగ్గరోడు."

"మునిగిపోతుంటే ఎలా పిలుస్తావు? దయచేసి తమరు ఒకసారి ఇటు విచ్చేయండి అంటావా?"

"ప్రభువా, రా అంటా. కాపాడు అంటా."

"అంతే. పేరు, పని. సృష్టికర్తనే ఏకవచనంలో పిలిచేదానివి, లెఫ్ట్ బ్యాక్‌కి అంత మర్యాదేంటమ్మా?"

ఆమె మళ్ళీ నవ్వలేదు. బూటు లేసులు గట్టిగా బిగించుకుని లోపలికెళ్ళింది.

కాసేపటికి కెప్టెన్ మళ్ళీ ముందుకెళ్ళింది, మళ్ళీ ఖాళీ పడింది. ఈసారి గ్రౌండ్ అవతలి గట్టు దాకా ఒక గొంతు వినిపించింది. మొదట కెప్టెన్ పేరు, ఆ వెంటనే "డ్రాప్!" కెప్టెన్ ఉలిక్కిపడి వెనక్కి పరుగెత్తింది. దారి మూసుకుపోవడంతో ఎదుటివాళ్ళు బంతిని మధ్యలోకి తోశారు. అక్కడ మా స్టాపర్ సిద్ధంగా ఉంది. ఆ తర్వాత ఆమె నోరు ఆగలేదు. కుడివైపు ఇద్దరినీ జరిపింది, గోల్‌కీపర్‌ని కసిరింది. ఇంకో గోల్ పడలేదు.

విజిల్ అయ్యాక కెప్టెన్ దగ్గరికెళ్ళి రెండు చేతులూ జోడించి సారీ చెప్పింది. కెప్టెన్‌కి అర్థం కాలేదు.

"సారీ ఎందుకు? ఇంకా గట్టిగా అరువు" అంది.

కోచ్ నా పక్కకి వచ్చాడు. "ఏం చెప్పావు ఆమెకి?"

"ఎలా ప్రార్థన చేస్తామో గుర్తుచేశాను."

గెలుపు కోసం ప్రార్థించామనుకున్నాడు కాబోలు, తలూపాడు. వివరించాలని చూశాను గానీ, ఆయన భాషలో దేవుడికీ లెఫ్ట్ బ్యాక్‌కీ ఒకటే "యూ". వదిలేశాను.

"సరే, జెర్సీ సైజు కనుక్కో" అన్నాడు.

కలకత్తాలో జట్టుతో కలిసి కప్పు ఎత్తినవాణ్ణి. గ్యాలరీలన్నీ నా పేరు అరవడం విన్నాను. జెర్సీ సైజు అన్న ఆ చిన్న మాట వింటూ నిలబడినప్పుడు కలిగినంత గర్వం కలకత్తాలో ఎప్పుడూ కలగలేదు. మనసులోనే దేవునికి స్తోత్రం చెప్పుకుని ఆమెని పిలిచాను.

"సైజెంతమ్మా?"

ఆమెకి మాట అర్థమయ్యేసరికి కళ్ళు నిండాయి. మోచేత్తో తుడుచుకుంది.

"మీడియం అంకుల్. వద్దు, లార్జ్ చెప్పండి. చలికి లోపల స్వెటర్ ఏసుకోవాల."