బాబాయి పన్నుకు తొడుగు

మా బాబాయి ఎలక్ట్రీషియన్. సంచిలో కటింగ్ ప్లేయరు ఉంటుంది. అయినా నిచ్చెన మీద ఉన్నప్పుడు వైరు చివర పొర తీయాల్సొస్తే చెయ్యి సంచిలోకి పోదు, వైరు నోట్లోకి పోతుంది. ఎడమవైపు పైపన్నుతో ఒక పట్టు పట్టి ఒక్క లాగు లాగుతాడు. "కరెంటు పని చేసేవాళ్ళందరూ ఇంతేనమ్మా" అంటాడు నాతో గొప్పగా. మిగతావాళ్ళ సంగతేమో గానీ, ఈయన మొండితనం మాత్రం నాకు బాగా తెలుసు.

ఆ పన్నే పుచ్చింది. చెంప వాచి కన్ను మూసుకుపోతుంటే పిన్ని రెక్క పట్టుకుని పళ్ళాస్పత్రికి లాక్కెళ్ళింది. డాక్టరమ్మ రూట్ కెనాల్ చేసి, త్వరగా వచ్చి క్యాప్ వేయించుకోమంది. వింటేగా! "నొప్పే లేదు, ఇంక క్యాపెందుకు?" అని పిన్ని మీదికే లేచాడు. నొప్పి లేదన్న ధైర్యంతో మళ్ళీ అదే పన్నుతో వైరు లాగాడు. పన్ను టప్పుమంది. అరచేతిలో ముక్క పట్టుకుని, ముఖం వేలాడేసుకుని ఇంటికొచ్చాడు. ముగ్గురం ఆస్పత్రికి పరిగెత్తాం. నొప్పి లేదు కదాని క్యాప్‌కి రాలేదన్నాడు బాబాయి.

"నొప్పెలా ఉంటుందండీ, లోపల నరం తీసేశాం కదా!" అంది డాక్టరమ్మ. "చిన్న పుచ్చైతే సిమెంటు నింపి పంపేసేదాన్ని. మీది సగం పన్ను పుచ్చుకే పోయింది. మిగిలినవి పల్చటి గోడలు. నమిలే ఒత్తిడికే విరుగుతాయి. చుట్టూ పట్టి ఉంచడానికే ఆ తొడుగు."

వైరు అతుకు మీద టేపు చుట్టకుండా వదిలేసినవాళ్ళని నానా తిట్లూ తిట్టే మనిషి ఈయన. ఇప్పుడు తలొంచుకుని కూర్చున్నాడు. నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

"పగులు వేరులోకి దిగితే క్యాప్ కూడా నిలబడదు. పీకెయ్యాల్సిందే" అంటూ ఆవిడ ఎక్స్‌రే తీయించింది.

దారి పొడుగునా బాబాయిని దులిపేసిన పిన్ని గొంతు ఒక్కసారిగా మారిపోయింది. "పీకకుండా చూడమ్మా. ఆయన నవ్వితే ముందు కనబడేది ఆ పన్నే."

అనేసి, సిగ్గుపడి, గోడ మీద పళ్ళ బొమ్మ చూస్తూ నిలబడింది. నోటినిండా దూదితో బాబాయి పిన్నిని అలా చూస్తూ ఉండిపోయాడు. తన నవ్వుని ఒకరు ఇంత శ్రద్ధగా చూస్తున్నారని ఆయనకి అప్పటిదాకా తెలిసినట్టు లేదు.

ఎక్స్‌రేలో చూస్తే పగులు వేరు దాకా దిగలేదు. డాక్టరమ్మ పన్నుని చుట్టూ అరగదీసి, అచ్చు తీసుకుని, ప్రస్తుతానికి ఒక తాత్కాలిక తొడుగు పెట్టింది. అసలుది తయారై వచ్చాక అతికించి, "దీంతో కూడా వైర్లు కొరక్కండి, ఊడొస్తుంది" అని మరీమరీ చెప్పి పంపింది.

ఇంటికి రాగానే పిన్ని ఆయన్ని కిటికీ దగ్గరికి, వెలుతురులోకి తీసుకెళ్ళింది.

"ఏదీ, ఒకసారి నవ్వండి."

"అడిగితే నవ్వొస్తుందేమిటే?" అన్నాడు బాబాయి, అప్పటికే నవ్వేస్తూ.