రోజూ పోట్లాడే పిల్లే వెతికి తెచ్చింది

నేను ఎల్లారెడ్డిలో తొమ్మిదో తరగతి టీచర్ని. మొన్న చలికాలంలో పిల్లల్ని పోచారం ప్రాజెక్టు చూపించడానికి తీసుకెళ్లాం. తిరిగి బస్సెక్కేటప్పుడు చూస్తే మౌనిక కనిపించలేదు. నా చూపు ముందు నీళ్లవైపే పోయింది. ఎప్పుడూ ఆమె వెంటే తిరిగే స్నేహితురాళ్లను అడిగితే తమకు తెలీదన్నారు.

అప్పుడు, రోజూ మౌనికతో పోట్లాడే శ్రావణి ముందుకొచ్చింది.

"మేడమ్, ఈళ్లే దాని చెప్పులు చూసి నవ్విండ్రు. ఏడుపొస్తే అది ఎవ్వరికీ కనబడకుండ దాక్కుంటది. నేను తోల్కొస్త" అంటూ ఉరికింది. నేనూ వెనకే పరుగెత్తాను.

మౌనిక ఒక పాతగది వెనక కూర్చుని ఏడుస్తోంది.

"ఇంకోసారి గిట్ల చేస్తే తంత!" అని తిడుతూనే శ్రావణి ఆమె చెయ్యి పట్టుకుని బస్సు దాకా నడిపించింది.

నా తరగతిలో ఎవరికి ఎవరు దగ్గరో నాకు తెలుసని ఆ తర్వాత ఎప్పుడూ అనుకోలేదు.