అక్కని ఎక్కించిన విమానం

గుంటూరు మిర్చి యార్డులో సరుకు చూసే పద్ధతి ఒకటుంది. టిక్కీ, అంటే మిర్చి బస్తా, మూతి దగ్గరి కాయలని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మంచి కాయలు పైన సర్దుకొస్తారని అందరికీ తెలుసు. చెయ్యి లోపలికి పోనిచ్చి, మధ్యలోంచి గుప్పెడు తీసి, ఒక కాయ విరిచి చూస్తారు. ఆ గుప్పెడే మొత్తం లాటుకి మాట. కమిషన్ కొట్టు గుమాస్తాగా నా వయసంతా ఈ గుప్పెళ్ళ మధ్యే గడిచింది. చదువు పదో తరగతితో ఆగింది. లెక్కలు మాత్రం ఎవరూ నేర్పకుండానే పట్టుబడ్డాయి. ఏ సంగతైనా ఎన్నింటికి ఎన్ని అని చూసుకుంటే తప్ప నాకు మనసు కుదుటపడదు.

మా అక్కది సత్తెనపల్లి దగ్గర పల్లె. పెళ్ళయినప్పటినుంచీ కల్లాల్లో తాలుకాయలు ఏరిన మనిషి. ఎర్రటి రాశిలోంచి రంగు వెలిసిన కాయలని ఏరి పక్కన పడెయ్యడం ఆ పని. నిరుడు ఎముకల్లో నొప్పులన్నది. గుంటూరు డాక్టరు పరీక్షలన్నీ చూసి, దీనికి వైద్యమంటూ ఉంటే బొంబాయిలోనే, ఆలస్యం చెయ్యొద్దన్నాడు. రైల్లో అంతసేపు కూర్చునే ఓపిక ఆమెకి లేదు. బొంబాయి డాక్టరు దొరికిన రోజుకి గన్నవరం నుంచి నేరుగా పోయే విమానం ఒక్కటే ఉంది. అది చౌక విమానాల కంపెనీది.

కంపెనీ పేరు చెప్పగానే ఊళ్ళో ప్రతివాడికీ దాని గురించి ఏదో ఒకటి తెలిసిపోయింది. గాల్లోకి లేచి, ఇంజన్ తేడా చేసి వెనక్కి దిగిందట. లోపల పొగ వచ్చిందట. అక్క భర్త, మా బావ, ఫోన్లో వీడియోలు పెట్టుకుని అరుగు మీద అందరికీ చూపించాడు.

"ఒరేయ్ లెక్కలోడా, ఆ డొక్కుదాంట్లో ఎక్కిస్తావంట్రా మీ అక్కని?"

"బావా, మనకి తెలిసినవాళ్ళలో రోడ్డు మీద పోయినవాళ్ళు ఎంతమంది? వేళ్ళు చాలవు. విమానంలో పోయినవాడు ఒక్కడన్నా ఉన్నాడా?"

"ఎక్కినోడే లేడు, పోయేదెవడ్రా?"

అరుగంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ ఆ మాట నన్ను వదల్లేదు. గుప్పెడు తప్పుడు మూటలోంచి తీశానన్నమాట. ఆ వారమంతా ఫోన్లో దొరికిందల్లా చదివాను. వెనక్కి దిగిన విమానమంటే తేడాని ముందే పట్టుకున్న విమానమని అర్థమైంది. ప్రమాదాలు ఎంత అరుదో అర్థమైంది. అక్క మంచం దగ్గర కూర్చుని చెప్పాను.

"లక్షల్లో ఒకటక్కా. ఆ ఒకటి మన దాకా రాదు."

"నువ్వు లెక్క చూశావుగా. ఇంకేంటి," అంది.

గన్నవరంలో సంచులు తనిఖీ చేసేచోట ఆమె చేతిసంచిలోంచి కారం పొట్లం బయటపడింది. నోటికి ఏదీ రుచించక, నాలుగు ముద్దలు కారంతోనే తింటోంది అప్పటికి. లోపలికి తీసుకెళ్ళకూడదని తీసి పక్కన పెట్టేశారు.

"అంత పెద్ద విమానం, గుప్పెడు కారానికి భయపడుద్దా?" అంది నాతో. మళ్ళీ తనే, "పోన్లేరా. దీన్నే పట్టుకున్నోళ్ళు ఇంజన్ చూసుకోకుండా ఉంటారా?" అని నాకే ధైర్యం చెప్పింది.

లోపల కూర్చున్నాక ధైర్యం పోయింది నాకే. ముందు సీటుకున్న బల్ల పగిలి, టేపు వేసి ఉంది. సీటు గుడ్డకి కుట్లు. మూతి దగ్గరే ఇలా ఉంటే మధ్యలో సరుకెలా ఉంటుంది? చదివిందంతా మర్చిపోయి, యార్డు మనిషినై కూర్చున్నాను. అక్క మాత్రం కిటికీలోంచి కింద కృష్ణా నదిని చూస్తూ, పొలాలు ఆరబోసిన గుడ్డల్లా ఉన్నాయంది. విమానం ఏ కుదుపూ లేకుండా బొంబాయిలో దిగింది.

ఆసుపత్రిలో తెలుగు వచ్చిన చిన్న డాక్టరమ్మ, పెద్ద డాక్టరు మాటలు మాకు చెప్పింది. జబ్బు ఏదో ఇప్పుడు రూఢి అయిందనీ, మందులు పనిచేసే దశ దాటిపోయిందనీ అంది. నొప్పి తెలియకుండా రాసిస్తామంది. "మళ్ళీ ఇంత దూరం తిప్పకండి. ఇంటి దగ్గర ఉంచుకోండి."

"ఎందుకొచ్చిందమ్మా నాకిది?" అనడిగింది అక్క.

"కారణం చెప్పలేమమ్మా. చాలా అరుదు. లక్షల్లో ఒకరికి వస్తుంది."

అక్క నా వైపు చూసింది. ఆ చూపులో తప్పుపట్టడం లేదు. ఉంటే తేలిగ్గా ఉండేది.

తిరుగు ప్రయాణం కూడా ఆ కంపెనీ విమానంలోనే. మేఘాల్లో దూరినప్పుడు బాగా ఊగింది. వెనక ఎవరో గట్టిగా దేవుణ్ణి తలుచుకున్నారు. అక్క కదల్లేదు. కాసేపటికి, నేను అడక్కుండానే మాట్లాడింది.

"రాశిలో తాలుకాయ ఎక్కడో ఒకటి ఉంటది గదరా. తక్కువే. కానీ పొద్దుగూకేసరికి నా పక్కన కుప్ప పడేది. లక్షల్లో ఒకటంటే రాదని కాదు. ఎవరికో వస్తదని."

ఇన్నేళ్ళూ అందరి లెక్కలూ తేల్చినవాణ్ణి. ఎవరికి వస్తుందో చెప్పే లెక్క నాకు రాదు, ఎవరికీ రాదు. ఆమె చెయ్యి పట్టుకున్నాను. వేళ్ళ చివర్లు ఇంకా గరుగ్గానే ఉన్నాయి.

గన్నవరంలో బావ కారు మాట్లాడుకుని బయట నిలబడ్డాడు. డాక్టరు చెప్పిన సంగతి ఫోన్లో చెప్పొద్దని అక్క నా దగ్గర మాట తీసుకుంది. మమ్మల్ని చూడగానే ఆయన మొహం విప్పారింది.

"భయమేసిందా ఏమే?"

"లేదు. బాగానే దించాడు," అని అక్క మెల్లగా కారు వెనక సీట్లోకి ఎక్కి, తలుపు వేసుకుంది.

బావ నా భుజం మీద గట్టిగా చరిచాడు.

"నీ లెక్కే కరెక్టయింది రా! రెండు మూడు రోజులుగా అన్నం సహించలేదనుకో నాకు. సరేగానీ, డాక్టరేమన్నాడు? మందు ఉందన్నాడా?"

అద్దంలోంచి అక్క నన్నే చూస్తోంది. నేను ఆసుపత్రి కాగితాల సంచి కింద పెట్టి, బావని పక్కకి రమ్మన్నాను.