అవ్వ దంచని కారం

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే ఒక కంపెనీ పరువును బజారుకీడ్చిన ఘనత నాది. అదెలా జరిగిందో చెబుతాను, నవ్వుకోండి. అప్పుడు నాకు చెమటలు పట్టాయి గానీ ఇప్పుడు నాకూ నవ్వే వస్తోంది.

సంగారెడ్డిలో కిరాణా వ్యాపారం చేసే ఈశ్వరయ్య సేటు పటాన్‌చెరు పారిశ్రామికవాడలో కారంపొడి మిల్లు పెట్టాడు. ప్యాకెట్ మీద ఆయన తల్లి మాణెమ్మ అవ్వ ఫోటో. నన్ను ఉద్యోగంలో పెట్టుకొని ప్రచారమంతా నాకు అప్పజెప్పాడు. అందులో రెండు పనులున్నాయి. మన కథ మనమే ఫోన్లలో చెప్పుకుంటే కంటెంట్ మార్కెటింగ్, పేపర్లవాళ్లతో చెప్పిస్తే పబ్లిక్ రిలేషన్స్. రెండు చోట్లా ఒకే కథ చెప్పాలన్న చిన్న సంగతి మాత్రం ఈ మేధావికి తట్టలేదు.

ఫోన్ల కోసమని మా ఇంటి రోలు ఆటోలో తెచ్చి, అవ్వ చేతికి రోకలిచ్చి వీడియో తీశాను.

"నేనెన్నడు దంచినరా పిలగా? నాకు నడుము నొస్తది," అంది అవ్వ.

"దంచకు అవ్వా. జెర పట్టుకొని నవ్వు, చాలు."

నవ్వింది. ఆ నవ్వుకు వీడియో చుట్టుపక్కల కంది, జిన్నారం ఊళ్ల దాకా ప్రతి ఫోన్లోనూ తిరిగింది. కింద నేను రాసిన మాట, 'మా కారం మా అవ్వ స్వయంగా దంచుతుంది.' నా భుజాలు నేనే చరుచుకున్నాను.

ఎండాకాలం రాగానే సేటు కొత్త యంత్రం కొన్నాడు. ప్రారంభానికి విలేకరులను పిలిచి, వాళ్లకిచ్చిన కాగితంలో 'చేయి తగలని కారం' అని గొప్పగా రాశాను. దగ్గర్లోని ఓ పెద్ద ఫ్యాక్టరీ క్యాంటీన్ మేనేజరూ వచ్చాడు. ఆయన సరేనంటే ఏడాదంతా ఆ క్యాంటీన్‌కు మా కారమే. సేటు ఆశలన్నీ ఆయన మీదే.

పట్టుచీరలో అవ్వ రిబ్బన్ కత్తిరించబోతుండగా గేటు ముందు ఆటోలు ఆగాయి. ఏడాదికి సరిపడా మిరపకాయలు ఎండబెట్టి కారం పట్టించుకునే రోజులు కదా. వీడియో చూసిన ఆడవాళ్లు ఊళ్లో మర పట్టే గిర్నీకి పోకుండా మూటలతో మా దగ్గరికి దిగారు.

"గీడ అవ్వ దంచుతదంట గద? మావి గూడ దంచియ్యమని వచ్చినం," అంది ముందున్నామె.

మేనేజర్ నా కాగితం చూశాడు, ఆమె మూట చూశాడు. "సేటు, చెయ్యి తగలదంటిరి. మరి అవ్వ దంచుడేంది?"

సేటు నా వైపు తిరిగాడు. "గా ఫోన్ల ఏం రాసినవ్‌రా?"

నేను యంత్రం వైపు చూశాను. నన్నేమీ అడగనిది అదొక్కటే.

అవ్వ కత్తెర పక్కన పెట్టింది. "నేను దంచలే బిడ్డా. ఉత్తగ రోకలి పట్టుకొని నవ్విన. రాసినోడు వీడు, వీడే దంచుతడు. ఎండల వడి వచ్చిన్రు, వట్టిగ పోతరా?"

వీడియోకు తెచ్చిన రోలు ఇంకా షెడ్డులోనే ఉంది. ముక్కుకు గుడ్డ కట్టుకోవాలని కూడా తెలియక మొదలుపెట్టాను. నాలుగు పోట్లు వేశానో లేదో తుమ్ములు, దగ్గు, కళ్ల వెంట ధార.

"జెర మెత్తగ దంచు తమ్మీ," అందొకామె.

"రోకలి గట్ల పట్టుకుంటరా?" అంటూ అవ్వ కుర్చీ వేసుకొని కూర్చుంది.

నా కారం చూశాక ఆడవాళ్లు మూటలు యంత్రానికిచ్చారు. మేనేజర్ కడుపు పట్టుకొని నవ్వాడు. "సేటు, క్యాంటీన్‌కు మిషన్‌దే పంపున్రి. ఈ పిలగాడు దంచింది మాత్రం వద్దు."

సేటు ఊపిరి పీల్చుకున్నాడు. గండం గడిచిందని నేనూ అనుకున్నాను.

మర్నాడు పేపర్లో నా ఫోటో. చేతిలో రోకలి, చెంపల నిండా నీళ్లు. కింద, 'కొత్త యంత్రం రాకతో ఉపాధి పోయి విలపిస్తున్న కార్మికుడు.' నా పబ్లిక్ రిలేషన్స్‌కు దక్కిన వార్త అదొక్కటే.

సేటు తల పట్టుకున్నాడు. అవ్వ మాత్రం పేపర్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "ఫోటో మంచిగనే వచ్చింది. జెర నవ్వితే ఇంక మంచిగుంటుండె," అంది. దాన్ని కత్తిరించి దుకాణం గోడకు అంటించింది.

అవ్వ ఇప్పుడు లేదు. ఆ దుకాణానికి వెళ్లినప్పుడల్లా ఆమె మీద బెంగ పుడుతుంది. ప్యాకెట్ మీద ఆమె నవ్వుతూనే ఉంటుంది, గోడ మీద నేను ఏడుస్తూనే ఉంటాను. ఆ ప్యాకెట్ మీద చేయి వేసి ప్రమాణం చేస్తున్నాను. నేను దంచలేని కారం గురించి ఇక ఒక్క ముక్క రాయను. మా ఇంటి రోలును గడప దాటనివ్వను.