గీతలు లేని నలభై వేలిముద్రలు

ప్రభువునందు ప్రియులైన సహోదరులారా, సహోదరీలారా, నేను చూసినదానిని, విన్నదానిని ముందుగా వేరుచేసి చెప్పడం నా ధర్మం. నేను టెక్కలి ఉన్నత పాఠశాలలో సైన్సు బోధించేవాణ్ని. కొలవనిదానిని నమ్మే అలవాటు నాకు లేదు. పలాసలో జీడిపిక్కలు కొట్టే మా అక్క సువార్తమ్మ మెట్ల మీదనుంచి పడి వెన్ను దెబ్బతిన్నది, ఇది నిశ్చయం. ఆ తరువాత పట్టపగలు, పనిచేసే చోటనే, ఆమె కాళ్లు కొయ్యబారి, నడుము విల్లులా పైకి లేచి, గొంతులోనుంచి ఆమెది కాని మోటు స్వరం వచ్చేది. గడియారం పట్టుకొని కూర్చుని చూశాను గనుక ఇదీ నిశ్చయం. కవిటి కొబ్బరితోటల్లో చనిపోయిన ఎవరో స్త్రీ ఆమెను పట్టుకున్నదన్నది మాత్రం వినికిడి.

ఒక వైద్యుడు గంజాయి సారం పూటకు పది చుక్కలు ఇవ్వగా ఆ ఈడ్పులు తగ్గాయి. నేను నమ్మలేదు. అక్కకు తెలియకుండా సీసా మార్చి బెల్లపు నీళ్లు పోశాను. మూడో రోజుకు ఆ విల్లు మళ్లీ లేచింది, ఆ స్వరం మళ్లీ పలికింది. వెంటనే అసలు మందు తిరిగి ఇచ్చాను. ఆ పాపాన్ని మీ ఎదుట ఒప్పుకొంటున్నాను. ఇంతలో ఆ మందు తెప్పించుకోవడానికి ప్రభుత్వం ఇచ్చిన అనుమతి గడువు ముగిసింది. సీసాలో రెండు వేళ్ల ఎత్తు మందు మిగిలింది. నేను మోకరించి, "ప్రభువా, నేను కొలవగలిగినంత మేరకే నిన్ను నమ్మాను, నన్ను క్షమించు, అక్కను విడిచిపెట్టకు" అని ఏడ్చాను.

ఆమె బాధను కళ్లారా చూసినవారు అర్జీ పెట్టుకొంటే అధికారులు వింటారేమోనని వైద్యుడు చెప్పాడు. గంజాయి కోసం దేవుని బిడ్డలు సంతకాలు పెట్టడమేమిటని సంఘంలో కొందరు వెనక్కి తగ్గారు. అక్కతోపాటు పిక్కలు కొడుతూ, ఇంటింటికీ తిరిగి ప్రభువు కొరకు పిడికెడు బియ్యం తెచ్చే రత్నమ్మ మాత్రం ఆ అర్జీ కాగితాన్ని జీడిపిక్కల షెడ్డుకు తీసుకువెళ్లింది. చూసినవారే వేలిముద్ర వేయాలన్నది నా షరతు. ఆమెతో కలిపి నలభైమంది స్త్రీలు వేశారు.

కాగితం తిరిగి వచ్చాక లెక్కపెడితే నలభై ఒకటి ఉన్నాయి. నలభై ముద్రల్లో ఒక్క గీత లేదు, నున్నటి నల్లమచ్చలు. పిక్కల పెంకులోంచి కారే జీడినూనె ఆ చేతుల గీతలను ఎప్పుడో తినేసింది. నలభై ఒకటవది మాత్రం భూతద్దం కింద సుడి సుడిగా, స్పష్టంగా ఉంది. నా వేలితో పోల్చాను, కలవలేదు. కాగితం షెడ్డు దాటలేదని రత్నమ్మ అన్నది. ఆ షెడ్డులో గీతలున్న వేలు లేదు.

నలుగురు కలిసి ఆఫీసు మెట్లెక్కితేనే గొడవకు వచ్చారని అనుమానించే రోజులవి. అయినా ఆ నలభైమందీ నా వెంట వచ్చారు. అధికారి కాగితం చూసి, ఆ స్పష్టమైన ముద్ర మీద వేలుంచి, "ఇదొక్కటే మనిషిది. మిగతావి ఎవరివి?" అన్నాడు.

రత్నమ్మ ముందుకు వచ్చి రెండు చేతులూ చాపింది. "మావే బాబూ. పిక్కలు కొట్టి కొట్టి గీతలు పోనాయి. సెయ్యి సూసి జోస్యం సెప్పీవోడే మమ్మల్ని సూసి లెగిసి పోనాడు. నమ్మకం నేకపోతే మల్లీ ఏత్తాం."

ఆమె వెనుక చేతులు వరుసగా లేచాయి. నేను నోరు మూసుకొని ఉంటే సరిపోయేది. ఆయన నమ్మిన ముద్ర అదొక్కటే. అయినా, "అదొక్కటే ఎవరిదో నాకు తెలియదండి" అన్నాను. ఆయన ఆ ముద్రను ఎర్రసిరాతో కొట్టివేసి, నలభై అని రాశాడు. సీసా అడుగంటకముందే అనుమతి వచ్చింది.

అక్క పూర్తిగా బాగుపడలేదు, అబద్ధం చెప్పను. కానీ ఆదివారం ఆరాధనలో కూర్చుని తన స్వంత గొంతుతో పాడుతున్నది. మహిమంతా దేవునిది! మీ ఊరిలో ఇటువంటి బాధ ఉంటే ప్రార్థించండి, వైద్యుని చీటీ జతచేసి అర్జీ రాయండి, చూసినవారినే వెంట తీసుకువెళ్లండి, తెలియనిదానిని తెలియదనే చెప్పండి, ఆయన చాలినవాడు.

ఆ నలభై ఒకటవ ముద్ర ఎవరిదో నాకు నేటికీ తెలియదు. దూత అని కొందరు, తోటలోని స్త్రీ అని కొందరు అంటున్నారు. రెండూ వినికిడే. కాగితం ప్రభుత్వ ఫైలులో ఉంది. మరొకసారి చూడనివ్వమని అడిగాను, ఇవ్వలేదు. పోల్చడానికి ఏ వేలూ ముందుకు రాలేదు.